హైస్కూల్ పిలకాయలకు అర్థశాస్త్రం ఎలా చెప్పాలి: పుట్టి ధాన్యం నుంచి చీటీ పాట దాకా

అర్థశాస్త్రం పాఠాన్ని నిర్వచనంతో మొదలుపెట్టకండి. ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద రాసేదంతా దీని మీదే ఆధారపడి ఉంది. "అపరిమితమైన కోరికలు, పరిమితమైన వనరులు" అని బోర్డు మీద రాయగానే ముందు బెంచీలు తలవంచుకుని నోట్సు రాసుకుంటాయి, వెనక బెంచీలు కిటికీలోంచి బయటికి చూస్తాయి, పాఠం మాత్రం ఎవరికీ అందదు. అదే కొండపిలోనో కలిగిరిలోనో తరగతి గదిలోకి వెళ్లి "ఈ వారం పొగాకు వేలంలో బ్రైట్ గ్రేడ్ ఎంత పలుకుతోంది రా?" అని అడగండి, పొదలకూరు వైపైతే "నిమ్మకాయ బస్తా ఎంత?" అని అడగండి, ఒక్కసారిగా పది చేతులు లేస్తాయి, అందులో సగం మీకంటే బాగా తెలిసిన చేతులే ఉంటాయి.

ఇది జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పేవాళ్ల కోసం, సాయంత్రం ట్యూషన్ చెప్పేవాళ్ల కోసం, ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని చదివించే అమ్మానాన్నల కోసం రాస్తున్నా. తొమ్మిదో తరగతిలో పాలంపూర్ గ్రామం, మానవ వనరులు, పేదరికం, ఆహార భద్రత ఉన్నాయి. పదిలో అభివృద్ధి, రంగాలు, ద్రవ్యం-పరపతి, ప్రపంచీకరణ, వినియోగదారుల హక్కులు ఉన్నాయి. వీటిలో ఒక్క పాఠానికి కూడా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు దాటి ఉదాహరణ వెతుక్కోవాల్సిన పని లేదు.

పద్ధతి ఇదీ. ఏ పాఠమైనా ఒక నిజమైన ధరతో మొదలుపెట్టండి. ఆ ధర అమ్మేవాడికి ఏమిచ్చింది, కొనేవాడికి ఏమిచ్చింది, ఆ బేరంలో లేని మూడో మనిషి మీద ఏం పడింది, ఈ మూడూ అడగండి. తర్వాత బోర్డు మీద లెక్క చేయించండి. అన్నీ అయ్యాక, చివరి అయిదు నిమిషాల్లో మాత్రమే పుస్తకంలో ఉన్న పేరు చెప్పండి. పేరు చివర్లో చెబితే అది అప్పటికే తెలిసిన విషయానికి పేరవుతుంది కాబట్టి గుర్తుంటుంది.

ముందు ఒక ధరల నోటు పెట్టండి

పాఠాలు మొదలవక ముందే తరగతికి ఒక పెద్ద నోటు పుస్తకం కేటాయించండి, లేదంటే గోడకు ఒక చార్టు అంటించండి. వారానికి ఒకసారి, సంత జరిగిన మర్నాడు అయితే మంచిది, అయిదారు ధరలు రాయించాలి: కిలో టమాట, డజను గుడ్లు, నిమ్మకాయలు, పుట్టి ధాన్యం, లీటరు పెట్రోలు, ఇంకా మీ ఊరికి ముఖ్యమైనది ఏదుంటే అది. తీర ప్రాంతమైతే రొయ్యలు, చీమకుర్తి వైపైతే గ్రానైట్ క్వారీలో రోజు కూలి. ఒక్కో సరుకుకు ఒక్కో పిల్లనో పిల్లాడినో బాధ్యుల్ని చేయండి. ధర పక్కన "ఎవరిని అడిగావు" అని కూడా రాయించండి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే రైతు చెప్పే ధర, అంగడివాడు చెప్పే ధర ఒకటి కావు. ఆ తేడా ఎక్కడికి పోయిందని పిలకాయలే అడిగిన రోజున రవాణా, కమీషన్, కుళ్లిపోయే సరుకు, నిల్వ ఖర్చు అన్నీ వాటంతట అవే పాఠంలోకి వస్తాయి.

మూడు నెలలు రాస్తే గ్రాఫ్ గీయించవచ్చు. నిమ్మకాయ దీనికి చాలా మంచి సరుకు. ఎండాకాలంలో ఆకాశాన్ని అంటుతుంది, వానల్లో కోత కూలి కూడా రాని రోజులుంటాయి. "ధర పెరిగింది గదా, రైతు ఇంకా ఎక్కువ కాయలు ఎందుకు అమ్మలేడు?" అని అడగండి. చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుందని వాళ్లే చెబుతారు. ధర పెరిగినా సరఫరా వెంటనే పెరగదనే సంగతి ఆ ఒక్క జవాబులో వచ్చేస్తుంది, అంతకంటే సాగదీయక్కర్లేదు.

పాలంపూర్‌ని మన ఊరికి తెచ్చుకోవడం

పాలంపూర్ పాఠంలో గోధుమ ఉంది, బంగాళాదుంప ఉంది, 450 కుటుంబాలున్నాయి. మన పిలకాయల్లో గోధుమ చేను చూసినవాళ్లు ఎవరుంటారు? పాఠం ఒకసారి చదివించి, మర్నాడు అదే పట్టికలు మీ ఊరితో నింపించండి. నెల్లూరు డెల్టాలో అయితే ఒక ఎకరా వరి, మార్కాపురం వైపు అయితే కంది, మిర్చి, ఎక్కడ ఏది ఉంటే అది.

బోర్డు మీద రెండు గడులు గీయండి. ఎకరాకు అయ్యే ఖర్చులన్నీ పిలకాయల చేత చెప్పించండి: దుక్కి, నారు, నాట్లు, ఎరువులు, మందులు, కలుపు, కోత మిషన్, కౌలు. ఏది ఒక్క పంటకే ఖర్చయిపోతుంది, ఏది నాలుగు పంటలకు పనికొస్తుంది అని విడదీయించండి. మోటారు, ట్రాక్టరు ఒక గడిలోకి పోతాయి, విత్తనం, ఎరువు ఇంకో గడిలోకి పోతాయి. స్థిర మూలధనం, నిర్వహణ మూలధనం అంటే ఇదేనని అప్పుడు చెప్పండి.

ఇక్కడ ఒక పని తప్పకుండా చేయాలి. పట్టిక అంతా నిండాక ఎవరూ రాయని ఖర్చు ఒకటి మిగిలిపోతుంది: అమ్మానాన్నల సొంత కష్టం. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన నాన్న, కలుపు తీసి వచ్చి మళ్లీ వంట చేసిన అమ్మ, వీళ్లకు ఎవరూ కూలి ఇవ్వలేదు కాబట్టి పిలకాయలు ఆ పనిని లెక్కలోకి తీసుకోరు. "అదే పనికి బయటివాళ్లని పెడితే ఎంతయ్యేది?" అని అడిగి ఆ మొత్తం వేయించండి. లాభం అనుకున్నది చాలా కుటుంబాల్లో అప్పటికప్పుడు కరిగిపోతుంది. తరగతి కాసేపు నిశ్శబ్దమైపోతే కంగారుపడి పాఠం ముందుకు జరిపేయకండి.

ఇదే దారిలో మద్దతు ధర చెప్పండి. 2025-26 ఖరీఫ్ మార్కెటింగ్ సీజన్‌కు సాధారణ రకం వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ లెక్కగట్టిన ఖర్చు క్వింటాకు 1,579 రూపాయలు, దానికి సగం కలిపితే మద్దతు ధర వస్తుంది, ఈ కూడిక పిలకాయల చేతే చేయించండి. ఆ 1,579లో రైతు జేబులోంచి పెట్టిన డబ్బు, ఇంటివాళ్ల శ్రమ విలువ ఉంటాయి, సొంత భూమికి రావాల్సిన కౌలు, సొంత పెట్టుబడికి రావాల్సిన వడ్డీ మాత్రం ఉండవు. "మద్దతు ధర చాలడం లేదు" అని రైతు సంఘాలు, "ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నాం" అని ప్రభుత్వం, ఇద్దరూ ఎందుకు అంత గట్టిగా చెప్పగలుగుతున్నారో దీంతో తెలిసిపోతుంది, ఎందుకంటే ఇద్దరి ఖర్చు లెక్కలూ వేరు.

తర్వాత పుట్టికి రండి. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. 2,369ని ఎనిమిదిన్నరతో హెచ్చవేస్తే 20,136 రూపాయల 50 పైసలు. ఇప్పుడు మీ ధరల నోటు తెరిచి కోతల సమయంలో పుట్టి ఎంతకు అమ్ముడుపోయిందో చూడండి. మద్దతు ధర కంటే తక్కువ ఉంటే ఎందుకు? తేమ శాతం ఎక్కువుందన్నారా, తరుగు తీశారా, గోతాలు లేవన్నారా, లేక ఎరువుల బాకీ ఉండటం వల్ల రైతు ఆగలేకపోయాడా? కొందరు పిలకాయలకు ఈ జవాబులు నోటి చివర ఉంటాయి, ఆరోజు పాఠం వాళ్లనే చెప్పనివ్వండి.

తరగతి గదిలో పొగాకు వేలం

గిరాకీ, సరఫరా చెప్పడానికి పుస్తకంలో రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకునే బొమ్మ గీస్తారు. హైస్కూల్లో ఆ బొమ్మ అవసరం లేదు, వేలం ఆడించండి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కనిగిరి, కలిగిరి, ఇన్ని చోట్ల వేలం కేంద్రాలున్న ప్రాంతం మనది, ఇక్కడి పిలకాయలకు ఈ ఆట గురించి వివరించాల్సింది తక్కువే.

ముప్పై మంది ఉంటే ఇరవై మందిని రైతులు చేయండి, అయిదుగురిని కొనుగోలుదారులు చేయండి, మిగతావాళ్లు ధరలు రాసుకునేవాళ్లు. రైతుకు ఒక చీటీ ఇవ్వండి, అందులో "ఇంతకు తక్కువైతే నాకు నష్టం" అని ఒక అంకె ఉంటుంది. కొనుగోలుదారుడి చీటీలో "ఇంతకు మించి పెట్టను" అని ఇంకో అంకె ఉంటుంది. ఎవరి చీటీ వాళ్లే చూసుకోవాలి. ఒక్కో బేలు (పొగాకు కట్ట) పిలిచి పాట పెట్టండి. మొదటి ఆట పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, వచ్చిన ధరలన్నీ బోర్డు మీద ఉంచండి.

అసలు పాఠం రెండో ఆటలో ఉంటుంది. కొనుగోలుదారుల్ని అయిదుగురి నుంచి ఇద్దరికి తగ్గించి మళ్లీ ఆడించండి. సరుకు అదే, రైతులు అదే, వాళ్ల ఖర్చు కూడా అదే, ధర మాత్రం పడిపోతుంది, కొన్ని బేళ్లకు అసలు పాటే రాదు. "నోబిడ్" అన్న మాట ఇంట్లో విన్న పిల్లలు అప్పుడు చూసే చూపు వేరుగా ఉంటుంది. మూడో ఆటలో కొనుగోలుదారుల్ని మళ్లీ అయిదుగురిని చేసి రైతులకు ఒక్కొక్కరికి రెండేసి బేళ్లు ఇవ్వండి. ఈసారి కొనేవాళ్లు తగ్గలేదు, సరుకు పెరిగింది, అయినా ధర మళ్లీ పడిపోతుంది. పొగాకు బోర్డు ఏటా ఎంత పండించాలో పరిమితి పెట్టి, బ్యారన్‌కు (ఆకును వేడితో ఆరబెట్టి క్యూరింగ్ చేసే కొట్టానికి) ఇంత అని ఎందుకు కేటాయిస్తుందో, ఆ పరిమితిని పట్టించుకోకుండా అందరూ ఎక్కువ వేసిన ఏడు ఏమవుతుందో వాళ్లే చెప్పగలుగుతారు. ఈ బోర్డు 1976లో మొదలైంది, గుంటూరు కేంద్రంగా పనిచేస్తుంది, కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉంటుంది. వ్యవసాయ శాఖ కింద కాకుండా వాణిజ్య శాఖ కింద ఎందుకు ఉంది అని అడిగితే ఎగుమతి అనే జవాబు వస్తుంది, అక్కడి నుంచి బ్రెజిల్‌లోనో జింబాబ్వేలోనో పంట బాగా పండితే కొండపిలో ధర ఎందుకు కదులుతుందో చెప్పడం తేలిక.

ఏదో ఒక పిల్ల లేచి తప్పకుండా అడుగుతుంది: "సార్, పొగాకు తాగితే క్యాన్సర్ గదా, మరి ప్రభుత్వమే ఎందుకు పండించనిస్తోంది?" ఈ ప్రశ్నను దాటేయకండి. ఒకవైపు వేల కుటుంబాల బతుకు, ఎగుమతి ఆదాయం, సిగరెట్ల మీద పన్ను, ఇంకోవైపు ఆసుపత్రి ఖర్చు, పోయిన ప్రాణాలు, క్యూరింగ్ కోసం కాలిన కట్టెలు. ఆ రెండో వైపు ఖర్చు బేలు ధరలో ఎక్కడా కనిపించదు, మూడో మనిషి మీద పడుతుంది. పొగాకు పండించే ఇంటి పిల్లలు కూడా ఆ గదిలోనే ఉంటారు కాబట్టి వాళ్ల నాన్న తప్పు చేస్తున్నాడన్నట్టు మాట రానివ్వకూడదు. వేరే ఏ పంట వేస్తే అంత ఆదాయం వస్తుంది, దానికి నీళ్లు ఎక్కడివి, కొనేదెవరు అని అడుగుతూ పోతే చర్చ మనుషుల మీద నుంచి పంటల మీదికి వెళుతుంది.

ఇంకొక్క మాట. పొగాకు ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగ్ రోజుల్లో కొందరు పిల్లలు బడి మానేస్తారు. ఒక రోజు బడి మానితే ఇంటికి మిగిలే కూలి ఎంత, పోయేది ఏంటి అని తరగతిలో లెక్క కట్టించండి, పేర్లు ఎత్తకుండా. వదులుకున్న దాని విలువ కూడా ఖర్చేనని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. అమ్మానాన్నలతో మీరు వేరే మాట్లాడాలి, అది పాఠంతో అయ్యే పని కాదు.

ద్రవ్యం, పరపతి: ఈ పాఠానికి ఎక్కువ రోజులు పెట్టండి

సిలబస్‌లో అన్నింటికంటే జీవితానికి అక్కరకొచ్చే పాఠం ఇదే అని నా నమ్మకం, అందుకే దీన్ని రెండు పీరియడ్లలో ముగించేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మొదట ఒక పది రూపాయల నోటు చేతికివ్వండి. వెనకవైపు భాషల వరుసలో తెలుగు ఎక్కడుందో వెతకమనండి (చివరి నుంచి రెండోది, ఉర్దూకు పైన). ముందువైపు ఎవరి సంతకం ఉందో చూడమనండి. రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంతకం ఉంటుంది. రూపాయి నోటు దొరికితే చూపించండి, దాని మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది, ఎందుకంటే దాన్ని భారత ప్రభుత్వమే ఇస్తుంది. ఈ కాగితానికి విలువ ఎందుకొచ్చింది అనే ప్రశ్న ఇక్కడ వేసి వదిలేయండి, ఒక రోజు ఆలోచించనివ్వండి.

తర్వాత వడ్డీ. మన దగ్గర ఎవరూ సంవత్సరానికి 24 శాతం అనరు, "రెండు రూపాయల వడ్డీ" అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలు. వినడానికి చాలా చిన్నగా ఉంటుంది. లక్ష రూపాయల మీద లెక్క కట్టించండి: నెలకు 2,000, ఏడాదికి 24,000. మూడు రూపాయల వడ్డీ అయితే 36,000. అసలూ వడ్డీ కట్టకుండా ఏడాదికోసారి ప్రోనోటు తిరగరాస్తూ పోతే, రెండు రూపాయల వడ్డీకే మూడేళ్లకు లక్ష కాస్తా 1,90,662 అవుతుంది. ఈ చక్రవడ్డీ లెక్క లెక్కల సార్‌తో కలిసి చేస్తే ఇంకా మంచిది, ఇద్దరి పాఠమూ ఒకే రోజు అయిపోతుంది.

దాని పక్కనే బ్యాంకు పంట రుణం రాయండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 3 శాతం తగ్గింపు, అంటే లక్షకు ఏడాదికి 4,000. ఒకవైపు 24,000, ఇంకోవైపు 4,000. ఇప్పుడు అడగండి: "మరి ఇంత తేడా ఉంటే జనం రెండు రూపాయల వడ్డీకి ఎందుకు పోతున్నారు?" ఇక్కడ "తెలియక" అనే జవాబును ఒప్పుకోకండి. జనానికి తెలుసు. కౌలు రైతు పేరు మీద పట్టాదారు పాస్ పుస్తకం ఉండదు. అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే బ్యాంకు తెరిచి ఉండదు. పాత బాకీ ఉన్నవాడికి కొత్త లోను రాదు. ఎరువుల అంగడాయన అప్పు మీద కట్టలు ఇస్తాడు, పంట మాత్రం తనకే అమ్మాలంటాడు. ఈ ఒక్కో జవాబు కింద పుస్తకంలోని మాట ఒకటి రాయండి: పూచీకత్తు, రుణ నిబంధనలు, వ్యవస్థీకృత రంగం, అవ్యవస్థీకృత రంగం. పరీక్షలో ఈ ప్రశ్న ఎటు నుంచి వచ్చినా రాస్తారు.

ఇక చీటీ పాట. దీనికి వంద చింతపిక్కలు కావాలి, నిజం డబ్బులు మాత్రం ఒక్క రూపాయి కూడా వాడొద్దు. పది మందిని కూర్చోబెట్టి ఒక్కొక్కరికి పది పిక్కలివ్వండి. అందరూ పదేసి వేస్తే చీటీ మొత్తం వంద. ఇప్పుడు ఒక్కొక్కరి చేతికి ఒక అవసరం రాసిన కాగితం ఇవ్వండి: ఒకరికి అక్క పెళ్లి, ఒకరికి బోరు మోటారు కాలిపోయింది, ఒకరికి ఏ అవసరమూ లేదు, దాచుకుందామని చేరారు. పాట మొదలుపెట్టండి. మోటారు కాలిపోయినవాడు 25 వదులుకుని 75కే ఎత్తుకుంటానన్నాడనుకోండి. ఆ 25లో 5 నడిపేవాళ్ల కమీషన్, మిగతా 20 పది మందికీ రెండేసి తిరిగొస్తుంది, అంటే ఆ నెల ఒక్కొక్కరూ నికరంగా కట్టింది ఎనిమిది. ఎనిమిది పదులు ఎనభై, అందులో 75 పాడుకున్నవాడికి, 5 కమీషన్‌కు, లెక్క సరిపోయిందా లేదా వాళ్లనే చూడమనండి.

అలా పది నెలలూ నడపండి, ఒక్కో నెలకు రెండు నిమిషాలు చాలు, ప్రతి నెలకూ ముందు పిక్కలన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ పదేసి పంచండి. చివర్లో మొదట ఎత్తుకున్నవాడిని, చివర ఎత్తుకున్నవాడిని లేపి ఇద్దరూ ఎంత కట్టారు, ఎంత పొందారు రాయించండి. ఇద్దరూ కట్టింది ఒకటే, మొదటివాడికి వచ్చింది తక్కువ, చివరివాడికి వచ్చింది ఎక్కువ. మొదటివాడిలా ముందుగా డబ్బు వాడుకున్నవాళ్లు అందుకు వదులుకున్న దాంట్లోంచే, కమీషన్ పోను, చివరివాడికి ఆదాయం వచ్చింది. వడ్డీ అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా వడ్డీ అంటే ఏంటో చెప్పేసినట్టే.

అదే ఆటలో, మీరు ముందే ఒకరికి రహస్యంగా చెప్పి ఉంచితే, ఆరో నెలలో చీటీ నడిపే పిల్ల పిక్కలతో సహా లేచి బయటికి వెళ్లిపోవాలి. మిగతావాళ్లు ఏం చేయాలి? ఎవరిని అడగాలి? కాగితం ఏదైనా ఉందా? 1982 చిట్ ఫండ్స్ చట్టం, రిజిస్ట్రేషన్, నడిపేవాళ్లు కట్టాల్సిన డిపాజిట్, కమీషన్‌కు చట్టం పెట్టిన 7 శాతం గరిష్ఠ పరిమితి, ఇవన్నీ అప్పుడు చెబితే చెవులు రిక్కించి వింటారు. తరగతిలో ఏదో ఒక ఇంట్లో చీటీ మునిగిన బాధ ఉండే ఉంటుంది, అందుకే ఆటను నవ్వులాటగా పోనివ్వకుండా చూసుకోండి.

రోజుకు రూపాయి

స్వయం సహాయక బృందాల గురించి పుస్తకంలో ఉన్నది మన పిలకాయలకు పుస్తకంలోంచి చెప్పడం అన్యాయం, ఎందుకంటే ఆ కథలో పెద్ద భాగం నెల్లూరు జిల్లాలోనే జరిగింది. అక్షరాస్యత కేంద్రాల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, సారా వల్ల కూలి డబ్బులు ఇంటికి రావడం లేదని తేల్చుకుని దూబగుంటలో సారా అంగడిని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం ఊరూరా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ ఊపులోనే రోజుకు ఒక రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి బృందాలు మొదలయ్యాయి.

ఇది చెప్పాక రెండు లెక్కలు వేయించండి. పదిహేను మంది, రోజుకు రూపాయి, 365 రోజులు: 5,475 రూపాయలు. అప్పట్లో ఆ డబ్బుతో ఏం కొనొచ్చో ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి రమ్మనండి, ఇంతకంటే మంచి హోంవర్క్ ఉండదు. రెండో లెక్కకు అంకెలు అక్కర్లేదు: సారా ఆగితే ఇంటికి మిగిలిన డబ్బు ఒకవైపు, ప్రభుత్వానికి తగ్గిన ఎక్సైజు ఆదాయం ఇంకోవైపు. ఆ ఆదాయం పోతే ప్రభుత్వం ఆ లోటు ఎక్కడ పూడ్చుకోవాలి? నిషేధం సడలించడం వెనక ఉన్న ఒత్తిడి ఇదే. రెండు వైపులా వాదించమని తరగతిని రెండు జట్లు చేయండి, మీరు తీర్పు చెప్పకండి.

రొయ్య, రాయి, ఎద్దు

ప్రపంచీకరణ పాఠానికి రొయ్యల గుంట చాలు. వనామీ మన రొయ్య కాదు, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది, 2009 నుంచి మన దేశంలో పెంచడానికి అనుమతించారు. గుంట దగ్గర ధర కౌంట్ మీద ఉంటుంది: 30 కౌంట్ అంటే కిలోకు ముప్పై రొయ్యలు, 100 కౌంట్ అంటే వంద, కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ సుంకం కట్టేది అమెరికాలో దిగుమతి చేసుకునే వ్యాపారి, కట్టించుకునేది అమెరికా ప్రభుత్వం, మరి అల్లూరులోనో ఇందుకూరుపేటలోనో గుంట దగ్గర రైతు ఎందుకు ఆందోళన పడ్డాడు? పన్ను ఎవరు కడతారు, దాని భారం ఎవరు మోస్తారు అనేవి రెండు వేరు ప్రశ్నలని ఇక్కడ అర్థమవుతుంది. కొనేవాడికి వేరే దేశం రొయ్య దొరుకుతుంది, రైతుకు గుంటలో రొయ్యను ఆరు నెలలు ఆపుకునే వీలు లేదు, కాబట్టి భారం ఎటు జారుతుందో వాళ్లే చెబుతారు.

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌తో రంగాల పాఠం చెప్పొచ్చు: క్వారీలో తీయడం ప్రాథమిక రంగం, పాలిష్ ఫ్యాక్టరీ ద్వితీయ రంగం, లారీ, పోర్టు, బ్యాంకు తృతీయ రంగం. బండగా అమ్మితే ఎంత, పలకగా కోసి పాలిష్ చేసి అమ్మితే ఎంత అని అడిగితే విలువ జోడింపు వస్తుంది. ఇంకాస్త సమయం ఉంటే ఒంగోలు గిత్త సంగతి చెప్పండి, బ్రెజిల్‌లో దాని సంతతిని నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పిలుస్తారని, అక్కడి పశుసంపదలో దానిదే పెద్ద వాటా అని చెబితే పిలకాయల ముఖాలు వెలిగిపోతాయి. మన దగ్గర ఆ జాతి ఎందుకు తగ్గిపోయిందన్న ప్రశ్న ట్రాక్టరు దగ్గరికి, మేత భూముల దగ్గరికి తీసుకెళుతుంది.

వినియోగదారుల హక్కులకు ఒక్క పీరియడ్ చాలు. ప్రతి ఒక్కరూ ఇంట్లోంచి ఒక ఖాళీ ప్యాకెట్ తేవాలి, దాని మీద ఎంఆర్‌పీ, బరువు, తయారీ తేదీ, పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు వెతకాలి. వినియోగదారుల ఫిర్యాదులకు ఉన్న 1915 హెల్ప్‌లైన్ నంబరు నోటు పుస్తకం అట్ట మీద రాయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పేరు, అది 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిందన్న సంగతి పరీక్ష కోసం చెప్పండి.

జాగ్రత్తలు, పరీక్షలు, సమయం

"మీ నాన్న నెలకు ఎంత సంపాదిస్తాడు, మీకు అప్పెంత" అని ఎవరినీ అడగకండి. వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు ఉంటారు, అప్పుల వల్ల ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉండొచ్చు. దానికి బదులు బోర్డు మీద ఒక ఊహా కుటుంబాన్ని పెట్టండి, దానికి రెండెకరాలు, ఒక బర్రె, ఇద్దరు పిల్లలు అని రాసుకుని ఏడాదంతా అన్ని పాఠాల్లో అదే కుటుంబాన్ని నడపండి. పిలకాయలు తమ ఇంటి సంగతులన్నీ ఆ కుటుంబం పేరుతో చెబుతారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ప్రభుత్వ పథకాల చర్చ వస్తే పార్టీ పేర్లు రానివ్వకండి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరికి చేరుతుంది, అదే డబ్బుతో ఇంకేం చేయగలిగేవాళ్లం, ఈ మూడు ప్రశ్నలు ఏ పథకానికైనా ఒకేలా వేయండి.

పరీక్ష గురించి టెన్షన్ పడేవాళ్లకు: ఈ పద్ధతిలో చెప్పినా జవాబు మాత్రం పుస్తకంలోని మాటల్లోనే రాయించాలి. ప్రతి పాఠం చివర ఒక పేజీ కేటాయించండి. ఎడమవైపు తరగతిలో జరిగింది ("మొదట చీటీ ఎత్తుకున్నవాడికి తక్కువ వచ్చింది"), కుడివైపు పుస్తకంలో దానికి ఉన్న మాట. నిర్వచనం ఒక వాక్యం, మన ఊరి ఉదాహరణ ఒకటి, కారణం ఒకటి, ఈ వరుసలో రాయడం అలవాటైతే చిన్న ప్రశ్నలైనా పెద్ద ప్రశ్నలైనా పేపర్ చూసి బెదరరు. మార్చికి ముందు ఈ పేజీలు మాత్రమే తిరగేస్తే సరిపోతుంది.

పీరియడ్లు తక్కువ పడి ఏదో ఒకటి వదలాల్సి వస్తే నిమ్మకాయ గ్రాఫ్ వదిలేయండి, ఎద్దు కథ వదిలేయండి, ప్యాకెట్ల పని ఇంటికి ఇచ్చేయండి. వేలం, వడ్డీ లెక్క, చీటీ పాట ఈ మూడూ మాత్రం వదలొద్దు. వేలానికి రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి, పక్క సార్‌ని అడిగితే ఇస్తారు. చింతపిక్కలు ఎండాకాలంలోనే ఒక డబ్బాలో దాచి పెట్టుకోండి, బడి తెరిచాక వెతికితే దొరకవు.